ప్రమాదం వేళకి రక్తంలో ఆల్కహాల్ ఎంత? ఆలస్యంగా తీసిన శాంపిల్‌తో వెనక్కి లెక్క

ప్రమాదం రాత్రి 11:10కి జరిగింది. రక్తం తీసింది తెల్లవారుజామున 2:40కి. ల్యాబ్ రిపోర్టులో 100 మిల్లీలీటర్ల రక్తానికి 22 మిల్లీగ్రాముల ఇథైల్ ఆల్కహాల్ అని వచ్చింది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం హద్దు 30. రిపోర్టు ఒక్కటే చూస్తే డ్రైవరు హద్దు లోపలే ఉన్నాడు. కానీ 22 అన్నది 2:40 నాటి అంకె. దర్యాప్తు అధికారి అడుగుతున్నది 11:10కి ఎంత ఉందని. మధ్యలో మూడున్నర గంటలు కాలేయం పనిచేస్తూనే ఉంది.

ఇక్కడి మనిషి, సమయాలు, బిల్లు అన్నీ బోధన కోసం కూర్చినవి. లెక్కించే పద్ధతి, స్థిరాంకాలు, వాటి హద్దులు మాత్రం ఫోరెన్సిక్ పనిలో నిజంగా వాడేవే. ఇకపై ఆల్కహాల్ స్థాయిలన్నీ 100 మి.లీ. రక్తానికి మిల్లీగ్రాముల్లో ఉంటాయి.

ఫైల్లో ఉన్నవి

మగ, 34 ఏళ్లు, ఎత్తు 170 సెం.మీ., ఆసుపత్రిలో తూచిన బరువు 74 కిలోలు. స్నేహితుడితో కలిసి బార్లో 8:30కి కూర్చున్నాడు, బిల్లు 10:20కి కట్టారు. బిల్లులో 60 మి.లీ. విస్కీ పెగ్గులు ఆరు, తినడానికి బిర్యానీ. తాను తాగింది ఒక్క నైంటీ మాత్రమేనని డ్రైవరు వాంగ్మూలం. ప్రమాదం జరిగిన వెంటనే 108కి వెళ్లిన కాల్ 11:14కి నమోదైంది కాబట్టి 11:10ని నమ్మవచ్చు.

సమయాల్ని ఏ కాగితం నుంచి తీసుకున్నామన్నది చిన్న విషయం కాదు. పది నిమిషాల తేడా వస్తే జవాబు 2 నుంచి 4 మిల్లీగ్రాములు జరుగుతుంది. ఎఫ్‌ఐఆర్ నమోదైన వేళను ప్రమాద సమయంగా, శాంపిల్ ల్యాబ్‌కి చేరిన వేళను రక్తం తీసిన సమయంగా రాసుకోవడం తరచూ జరిగే పొరపాటు. సీసీ కెమెరా గడియారం అసలు సమయానికి ఎంత ముందుందో, వెనకుందో కూడా సరిచూసుకోవాలి.

ఆలస్యానికి ఒక కారణం చట్టంలోనే ఉంది. 202వ సెక్షన్ ప్రకారం వైద్య పరీక్ష అరెస్టయిన రెండు గంటల్లోగా జరగాలి. ఆ గడువు అరెస్టు నుంచి మొదలవుతుంది, ప్రమాదం నుంచి కాదు. అరెస్టు 12:45కి చూపిస్తే 2:40కి తీసిన రక్తం గడువులోపే తీసినట్టు. లెక్కకు మాత్రం అప్పటికే మూడున్నర గంటలు పోయాయి.

ముందు శాంపిల్ సంగతి

శాంపిల్ మీద నమ్మకం లేకపోతే మిగతా లెక్కంతా వృథా. చూడాల్సిన మొదటి విషయం, చర్మాన్ని దేనితో తుడిచారన్నది. స్పిరిట్ దూదితో తుడిచి ఉంటే డిఫెన్స్ మొదటి ప్రశ్న అదే అవుతుంది. పోవిడోన్ అయోడిన్‌తోనో, సబ్బు నీళ్లతోనో తుడిచామని ఫారంలో రాసి ఉండాలి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది, అందుకే రెండో చేతి నుంచి తీయాలి.

రెండోది ట్యూబు. బూడిదరంగు మూత ఉన్న ట్యూబులన్నీ ఒకటి కావు. ఆల్కహాల్ పరీక్షకు వాడే 10 మి.లీ. ట్యూబులో 100 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్, 20 మి.గ్రా. పొటాషియం ఆక్సలేట్ ఉంటాయి, అంటే ఫ్లోరైడ్ 1 శాతం. షుగర్ పరీక్షకు వాడే చిన్న ట్యూబులో అంత ఉండదు. ఫ్లోరైడ్ చాలకపోయి, శాంపిల్ మన ఎండాకాలంలో ఫ్రిజ్ లేకుండా రోజుల తరబడి స్టేషన్‌లో ఉండిపోతే, చేరిన సూక్ష్మజీవులు రక్తంలోని గ్లూకోజును పులియబెట్టి కొత్తగా ఆల్కహాల్ తయారుచేస్తాయి. మూత వదులైతే అందుకు విరుద్ధంగా ఉన్న ఆల్కహాలే ఆవిరైపోతుంది. ట్యూబును దాదాపు నిండుగా నింపాలి, సీలు వేసి 4 డిగ్రీల దగ్గర ఉంచాలి.

మూడోది, పరీక్షించింది రక్తాన్నా, సీరమ్‌నా (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం)? ఆసుపత్రి బయోకెమిస్ట్రీలో సాధారణంగా ఎంజైమ్ పద్ధతిలో సీరమ్‌ను చూస్తారు. సీరమ్‌లో నీటి శాతం ఎక్కువ గనక అంకె మొత్తం రక్తంలో కంటే సుమారు 14, 15 శాతం ఎక్కువ వస్తుంది. ఇదే రక్తానికి ఆసుపత్రి 25 అని ఇచ్చినా ఆశ్చర్యపడనక్కర్లేదు. దాన్ని 1.14తో భాగించకుండా చట్టంలోని 30తో పోల్చకూడదు. తీవ్ర గాయాల్లో రక్తంలో లాక్టేట్ అనే ఆమ్ల పదార్థం బాగా పెరిగినప్పుడు ఎంజైమ్ పద్ధతి లేని ఆల్కహాల్‌ను చూపించే ప్రమాదం కూడా ఉంది.

మన 22 ఫోరెన్సిక్ ల్యాబ్‌లో హెడ్‌స్పేస్ గ్యాస్ క్రొమటోగ్రఫీతో (శాంపిల్ పైన చేరే ఆవిరిని విడదీసి కొలిచే పద్ధతి), ఎన్-ప్రొపనాల్‌ను పోలికకు కలిపే అంతర్గత ప్రమాణంగా వాడి, రెండుసార్లు నడిపి తీసిన సగటు. అనిశ్చితి 2 మిల్లీగ్రాములు. ఈ అంకెను పునాదిగా తీసుకోవచ్చు.

నైంటీతో 22 వస్తుందా?

వెనక్కి లెక్కించే ముందు వాంగ్మూలాన్ని పరీక్షించాలి. ఇందుకు 1932లో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ ప్రచురించిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. తాగిన ఆల్కహాల్‌ను అది శరీరంలో పరుచుకునే పరిమాణంతో భాగించాలి. అందులోంచి గంటకు తగ్గే వేగాన్ని, గడిచిన గంటల్ని గుణించి తీసేయాలి. ఆ తగ్గే వేగాన్నే బీటా అంటారు.

మన దగ్గర విస్కీ సాధారణంగా 42.8 శాతం. ఇథైల్ ఆల్కహాల్ సాంద్రత 0.789. కాబట్టి ఒక మిల్లీలీటరు విస్కీలో 0.338 గ్రాముల ఆల్కహాల్. నైంటీలో 30.4 గ్రాములు, క్వార్టర్‌లో 60.8. పోలికకు, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు ఉంటుంది. ఒక బీరే కదా అనుకునేవాళ్లు గమనించాల్సిన అంకె ఇది. కల్లు అయితే తాగినదాన్ని బట్టి రక్తంలోని స్థాయిని కట్టే ఈ ముందుకు లెక్క చేయకూడదు. పులిసిన గంటల్ని బట్టి శాతం మారిపోతుంది, కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటివి కలిసి ఉండవచ్చు. అప్పుడు ఆల్కహాల్ తక్కువగా వచ్చిందని మత్తు లేదనడానికి వీల్లేదు.

పరుచుకునే పరిమాణానికి విడ్‌మార్క్ సగటులు, శరీర బరువులో వాటాగా, మగవారికి 0.68, ఆడవారికి 0.55. అవి కిలో రక్తానికి గ్రాముల లెక్కలో ఇచ్చినవి. మన చట్టం మిల్లీలీటర్లలో కొలుస్తుంది. రక్తం సాంద్రత 1.055తో సవరించకుండా వాడితే మొదటి మెట్టులోనే 5 శాతం తప్పు చేరుతుంది. అందుకే శరీరంలోని నీటిని నేరుగా అంచనా కట్టే వాట్సన్ సూత్రం మేలు. మగవారికి అది 2.447 మైనస్ 0.09516 × వయసు, ప్లస్ 0.1074 × ఎత్తు, ప్లస్ 0.3362 × బరువు. ఈ డ్రైవరుకు 42.35 లీటర్ల నీరు వస్తుంది. రక్తంలో నీటి వాటా 0.84 కాబట్టి దానితో భాగిస్తే పరిమాణం 50.4 లీటర్లు.

ఇప్పుడు నైంటీ సంగతి. 30.4 గ్రాములు 50.4 లీటర్లలో పరుచుకుంటే 60.3. తాగడం మొదలైన 8:30 నుంచి 2:40 దాకా 6.17 గంటలు. అతి నెమ్మదైన బీటా 10 పెట్టినా 61.7 తగ్గాలి. రక్తం తీసే వేళకి ఏమీ మిగలకూడదు. చివర్లో ఆల్కహాల్ తరుగు మందగిస్తుందన్న వాస్తవాన్ని కూడా కలిపితే 9కి మించి మిగలదు. దానిపై శరీరంలో నీరు లెక్కకన్నా 15 శాతం తక్కువనుకున్నా 17 దగ్గర ఆగుతుంది. అన్నీ డ్రైవరుకు అనుకూలంగా పేర్చినా 22 రాలేదు. నైంటీ వాంగ్మూలం నిలబడదు.

మరి ఎంత తాగి ఉండాలి? 22కి, గడిచిన గంటల తరుగును కలిపి, 50.4 లీటర్లతో గుణిస్తే వస్తుంది. బీటా 10 అయితే 42.2 గ్రాములు, అంటే 125 మి.లీ. విస్కీ. బీటా 15 అయితే 171 మి.లీ., 25 అయితే 263. బిల్లులో ఉన్నది మొత్తం 360. ఎవరి గ్లాసులో ఎంత పడిందో బిల్లు చెప్పదు గానీ, లెక్కకు, బిల్లుకు వైరుధ్యం మాత్రం లేదు.

వెనక్కి మూడున్నర గంటలు

వెనక్కి లెక్క మొదటి చూపులో చాలా సులువు. 22కి, బీటాను 3.5తో గుణించి కలపడమే. ఇందులో బరువు, ఎత్తు, తాగిన మోతాదు ఏవీ రావు. బరువు తప్పు రాశారు కాబట్టి రిపోర్టు కొట్టేయాలనే వాదన ఈ మెట్టులో చెల్లదు.

బీటా ఎంత పెట్టాలన్నదే అసలు ప్రశ్న. మగవారి సగటు సుమారు 15, ఆడవారిలో కాస్త ఎక్కువ. ఎక్కువమంది 10 నుంచి 25 మధ్య ఉంటారు. రోజూ బాగా తాగేవారిలో ఆల్కహాల్‌ను విరగ్గొట్టే సీవైపీ 2ఈ1 అనే కాలేయ ఎంజైమ్ చురుగ్గా మారి బీటా 30 దాటవచ్చు. పోషకాహారం లేనివారిలో, ముదిరిన కాలేయ జబ్బులో 10 కన్నా దిగవచ్చు. ఈ డ్రైవరు సొంత బీటా మనకు తెలియదు. అందుకని సగటు 15 ఒక్కటే పెట్టి 74.5 అని రాసేయడం తప్పు. 10, 15, 25 మూడూ పెట్టాలి. 57, 74.5, 109.5 వస్తాయి. నేర నిరూపణకు పనికొచ్చేది అందులో అతి తక్కువదే.

57 అన్నది 30కి దాదాపు రెట్టింపు. చాలా రిపోర్టులు ఇక్కడే ఆగిపోతాయి. ఆగకూడని చోటు కూడా ఇదే. పైలెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: 11:10కల్లా మందంతా రక్తంలో చేరిపోయింది, అక్కడి నుంచి గీత కిందికే దిగుతోంది. బిల్లు కట్టింది 10:20కి. ప్రమాదం ఆ తర్వాత యాభై నిమిషాలకే. పైగా బిర్యానీ తిన్నాడు. కడుపులో అన్నం ఉంటే జఠర ద్వారం ఆలస్యంగా తెరుచుకుని, ఆల్కహాల్ వేగంగా పీల్చుకునే చిన్నపేగుకు నెమ్మదిగా చేరుతుంది. రక్తంలో శిఖరం రావడానికి తాగడం ఆపాక రెండు గంటలు పట్టినా పట్టవచ్చు. 11:10కి స్థాయి ఇంకా పెరుగుతూ ఉంటే వెనక్కి లెక్క అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది.

కాబట్టి ప్రశ్నను తిప్పి అడగాలి. 57ని 30కి దించాలంటే 11:10కి కడుపులో ఎంత మిగిలి ఉండాలి? 27 మిల్లీగ్రాముల తేడాను 50.4 లీటర్లతో గుణిస్తే 13.6 గ్రాములు, అంటే 40 మి.లీ. విస్కీ. ఆఖరి గ్లాసు దించిన యాభై నిమిషాల తర్వాత అంత మందు ఇంకా కడుపులోనే ఉండిపోయిందా అన్నదే ఈ కేసు గుట్టు.

దీనికి శోషణను, అంటే కడుపులోని ఆల్కహాల్ రక్తంలోకి చేరడాన్ని, కూడా మోడల్‌లో చేర్చాలి. 8:30 నుంచి 10:20 దాకా సమానంగా తాగాడనుకుందాం. కడుపులో ఉన్నదానిలో సగం రక్తంలోకి చేరడానికి పట్టే సమయాన్ని మూడు విధాలుగా మారుద్దాం. ఖాళీ కడుపుకు దగ్గరగా 14 నిమిషాలు, భోజనంతో 42, అతి నెమ్మదిగా 69. ప్రతిసారీ 2:40కి 22 రావాలన్న షరతు పెట్టి, తాగిన మోతాదును దానికి తగ్గట్టు సర్దుతూ 11:10 నాటి స్థాయి లెక్కిస్తే:

| సగం చేరే సమయం | బీటా 10 | బీటా 15 | బీటా 25 |
|---|---|---|---|
| 14 నిమిషాలు | 56 | 73 | 107 |
| 42 నిమిషాలు | 41 | 52 | 75 |
| 69 నిమిషాలు | 29 | 36 | 50 |

తొమ్మిది గళ్లలో ఎనిమిది 30 పైన ఉన్నాయి. ఒక్కటి కింద. ఆ ఒక్కదాన్ని దాచి రిపోర్టు రాయకూడదు, అలాగని అది ఉంది కాబట్టి చేతులెత్తేయనక్కరా లేదు. ఆ గడి ఏమి కోరుతోందో చూడాలి. అతి నెమ్మదైన శోషణ, అతి నెమ్మదైన తరుగు ఒకే మనిషిలో, ఒకే రాత్రి జరగాలి. శోషణను నెమ్మదింపజేసేది నిండు కడుపు. అదే భోజనం కాలేయానికి రక్తప్రవాహాన్ని, ఎంజైముల పనిని పెంచి తరుగును వేగవంతం చేస్తుంది. అంటే ఈ రెండు స్థిరాంకాలూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. బిర్యానీ పేరు చెప్పి శోషణను 69 నిమిషాలకు సాగదీసేవారు బీటాను ఖాళీ కడుపుతో ఉన్నవాడిలా 10 దగ్గరే ఉంచడం పొసగదు. బీటా 12కి జరిగితే చాలు, అదే గడి 31.6 అవుతుంది. అది ఊపిరాడనంత దగ్గరే, అందుకే ఈ వాదనను దాని బరువుకు మించి మోయించకూడదు.

స్ప్రెడ్‌షీట్‌లో దీన్ని చేయాలంటే ఒక నిమిషం అడుగుతో వరుసలు వేస్తే సరిపోతుంది. ఒక నిలువు వరుసలో కడుపులో మిగిలిన గ్రాములు, పక్కదానిలో రక్తంలోని స్థాయి. ప్రతి నిమిషానికి తాగినది కడుపులో కలపాలి, 0.693ని సగం చేరే నిమిషాలతో భాగించగా వచ్చిన వాటాను అక్కడినుంచి తీసి, 50.4 లీటర్ల పరిమాణంతో స్థాయిగా మార్చి రక్తంలో వేయాలి, బీటాలో అరవయ్యో వంతును రక్తంలోంచి తీసేయాలి. స్థాయి సున్నా కిందికి పోకుండా అడ్డం పెట్టడం మరిచిపోతే మొదటి నిమిషాల్లోనే రుణ సంఖ్యలు వచ్చి మొత్తం పాడవుతుంది.

22 దగ్గర గీత వంగుతుంది

ఇంకో సవరణ ఉంది. ఆల్కహాల్ గంటకు ఒకే మోతాదులో తగ్గుతుందన్నది మధ్య, ఎగువ స్థాయిల్లోనే నిజం. అక్కడ ఆల్కహాల్‌ను విరగ్గొట్టే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ పూర్తిగా నిండిపోయి, తన గరిష్ఠ వేగంతో పనిచేస్తుంటుంది. స్థాయి 20 దగ్గరికి దిగేసరికి ఎంజైమ్‌కు పని తగ్గుతుంది, తరుగు మందగిస్తుంది. గీత సరళరేఖ కాకుండా పళ్లెం అంచులా వంగుతుంది. దీన్ని ఎంజైమ్ పని వేగాన్ని లెక్కించే మైఖేలిస్-మెంటెన్ సమీకరణం పట్టిస్తుంది. అందులోని అర్ధవేగ స్థాయిని (తరుగు వేగం గరిష్ఠంలో సగానికి పడే స్థాయి) 5గా, గరిష్ఠ వేగాన్ని గంటకు 10గా పెడితే మూడున్నర గంటల క్రితం స్థాయి 57 బదులు 52.6 వస్తుంది. 4 మిల్లీగ్రాములకు పైగా తగ్గుదల.

ల్యాబ్ అనిశ్చితి 2, ఈ వంపు 4 కలిపి, భోజనం తర్వాత శోషణకు బీటా 10 గడిలో ఉన్న 41 నుంచి తీస్తే 35. ఇప్పటికీ హద్దు పైనే. అదే శాంపిల్‌లో 12 వచ్చి ఉంటే వెనక్కి లెక్క అసలు మొదలుపెట్టకూడదు. అక్కడ సరళరేఖ పనికిరాదు. ఇక సున్నా వస్తే, ఆ సున్నా ఎప్పటినుంచి ఉందో ఏ మోడలూ చెప్పలేదు.

ప్రమాదం తర్వాత తాగానంటే

విచారణలో కొత్త వాదన వస్తుంది. "ప్రమాదం కాగానే వణుకు పుట్టి కారులో ఉన్న సీసాలోంచి నైంటీ తాగాను" అని. పై పట్టిక మొత్తం ఈ ఒక్క మాటతో కదులుతుంది. ఆ నైంటీ వాటా 60.3. వెనక్కి లెక్కలో వచ్చిన 57, 74.5, 109.5 నుంచి దాన్ని తీసేస్తే 11:10 నాటి స్థాయి బీటా 15కి 14, బీటా 25కి 49. బీటా 10కి లెక్క సున్నా కిందికి పోతుంది, అంటే తర్వాత తాగిన నైంటీ ఒక్కటే 22 కన్నా ఎక్కువ మిగల్చాలి. హద్దు 30 దాటాలంటే అతని బీటా 19.5 కన్నా ఎక్కువ ఉండాలి. అది సాధ్యమే, కానీ నిరూపించలేం.

ఇక్కడ మోడల్ జవాబు ఇవ్వదు, ఇచ్చినట్టు నటించకూడదు. ఈ ప్రశ్న తేలేది వేరే సాక్ష్యంతో. 11:14 నాటి కాల్ అందుకుని వచ్చిన 108 సిబ్బంది నోట్‌లో మందు వాసన, తడబాటు నమోదయ్యాయా, సీసా స్వాధీనం చేసుకున్నారా, అందులో ఎంత తగ్గింది, అక్కడున్నవాళ్లు అతను తాగడం చూశారా. మొదట తీసిన మూత్రం కూడా పనికొస్తుంది. తాగి ఎక్కువసేపు కాకపోతే మూత్రంలోని ఆల్కహాల్ రక్తంలోని దానికన్నా తక్కువగానో సమానంగానో ఉంటుంది. శోషణ ముగిశాక రక్తంకన్నా సుమారు 1.3 రెట్లకు చేరుతుంది. అయితే 11:20 నాటి నైంటీని 2:40కి తీసిన మూత్రం పట్టివ్వలేదు, అప్పటికి ఆలస్యమైపోయింది.

గంట తేడాతో రెండు రక్త శాంపిళ్లు తీయమని చెప్పేది ఇందుకే. మొదటిది 12 గంటలకు, రెండోది 1 గంటకు తీసి ఉంటే స్థాయి ఎక్కుతోందో దిగుతోందో తెలిసేది, దిగుతుంటే అతని సొంత బీటా చేతికొచ్చేది. 2:40, 3:40లకు తీస్తే ఆ లాభం ఉండదు. 22 నుంచి దిగే గీత అప్పటికే వంగి ఉంటుంది, దాని వాలు అతని అసలు బీటా కాదు.

అభిప్రాయం రాసే తీరు

మోటారు వాహనాల చట్టంలో వెనక్కి లెక్కించే సూత్రమేదీ లేదు. ఈ లెక్క భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయంగానే కోర్టు ముందుకు వెళ్తుంది. కాబట్టి ప్రతి ఊహా పక్కనే రాసి ఉండాలి. ఈ కేసులో రాయదగిన వాక్యం ఇలా ఉంటుంది:

"తెల్లవారుజామున 2:40కి తీసిన రక్తంలో 22 మి.గ్రా. ఆల్కహాల్ ఉంది. మద్యపానం రాత్రి 8:30 నుంచి 10:20 మధ్య మాత్రమే జరిగిందని, ప్రమాదం తర్వాత ఏమీ తాగలేదని అనుకుంటే, 11:10కి స్థాయి సుమారు 35 నుంచి 107 మధ్య ఉండే అవకాశం ఎక్కువ. అసాధారణంగా నెమ్మదైన శోషణ, అసాధారణంగా నెమ్మదైన తరుగు రెండూ కలిసిన పక్షంలో 30 కన్నా స్వల్పంగా తక్కువ ఉండే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. 90 మి.లీ. విస్కీ మాత్రమే తాగారన్న వాంగ్మూలం ఈ ఫలితంతో పొసగదు. ప్రమాదం తర్వాత తాగినట్టు కోర్టు నిర్ధారిస్తే ఈ అంచనా వర్తించదు."

దీనికి జతచేయాల్సినవి: క్రొమటోగ్రామ్ (ల్యాబ్ యంత్రం గీసిన గ్రాఫ్) నకలు, శాంపిల్ చేతులు మారిన వరుస, వాడిన సూత్రాలు, పట్టిక మొత్తం. డ్యూటీ డాక్టరు ఫారంలో రక్తం తీసిన నిమిషం, ఏ చేయి, దేనితో తుడిచారు, సెలైన్ ఉందా, తూచిన బరువు, చివరిసారి ఎప్పుడు ఏం తిన్నారు, ఆఖరి గ్లాసు ఎన్నింటికి అన్న గళ్లు నిండి ఉండాలి. ఆఖరి గ్లాసు వేళ ఆ రాత్రే అడిగి రాయించాలి. వాయిదాల నాటికి ఆ సమయం పది నుంచి పదిన్నరకో, పదకొండుకో జరిగిపోతుంది. అరగంట జరిగినా కడుపులో మిగిలిన మందు లెక్క మారుతుంది, దానితో పాటే పట్టికలోని అట్టడుగు వరుస మొత్తం మారుతుంది.